మారుగొంతు గోడ

వజ్రకూటం పట్నాన్ని పాడుచేసింది ఏ శత్రువూ కాదు, దాన్ని ఏలిన రాజే. పొరుగువాళ్ళు తన గురించి ఏం గుసగుసలాడుకుంటున్నారో వినాలని ఆయనకు తీరని దురద. ఒక మంత్రగాణ్ణి పిలిపించి, "పట్నం నడుమనున్న పెద్ద గోడకి చెవులు పెట్టు, నోరు కూడా పెట్టు. నా పగవాడి మాట నాకు అందులోంచి వినబడాలి" అన్నాడు. మంత్రగాడు నలభై రోజులు ఏవేవో చదివాడు. నలభై ఒకటో రోజు పొద్దున్నే మంత్రం బెడిసికొట్టింది. చెరువుల్లో నీళ్ళన్నీ గాజైపోయాయి. మేడల మెట్లు ఊడి గాల్లోకి లేచి అక్కడే నిలబడిపోయాయి. నీడలు మనుషుల్ని వదిలేసి పైకప్పులెక్కాయి. జనం ఆ పూటే మూటలు కట్టుకుని పారిపోయారు. అంత తొందరలోనూ వెండి చెంబులు గుర్తొచ్చాయి గాని, పశువుల కట్లు విప్పాలని ఒక్కరికీ గుర్తురాలేదు.

తాళ్ళు తెంపుకున్నవి బతికాయి. తెంపుకోలేనివి కట్టుగొయ్యల దగ్గరే ఎండిపోయాయి.

బతికినవి రెండు గుంపులయ్యాయి. గోడకి ఉత్తరాన కోట. అక్కడ కుక్కలు ఉండేవి. వాటి పెద్ద సింగన్న, ఒకప్పుడు కోట గుమ్మం కాసిన వేటకుక్క. గోడకి దక్షిణాన అంగడివీధి. అక్కడ గొర్రెలు, మేకలు, ఆవులు, గేదెలు. వాటి పెద్ద నారప్ప అనే పొట్టేలు. ఎవరేమన్నా ముందు తలతో గుద్ది, తర్వాత ఆలోచించే రకం.

గోడ నడిమధ్యలో కొంత మేర కూలిపోయింది. ఆ సందులో పాత ఏనుగుల సాల, సాలలో ఒక రాతితొట్టి. పట్నం మొత్తంలో గాజు కాని నీళ్ళు ఆ తొట్టిలోనే. రాళ్ళ మధ్య నుంచి సన్నటి ఊట వచ్చి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తొట్టి నిండేది. ఒక పూట ఒకరు, ఒక పూట ఇంకొకరు తాగితే రెండు గుంపులకూ హాయిగా సరిపోతాయి. ఈ కథ చెప్పేటప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. నీళ్ళు సరిపోయేవి.

మొదట్లో అలాగే తాగారు కూడా. మూడో ఏడు అడవి నుంచి శాంతయ్య అనే నక్క వచ్చాడు. సన్నటి గొంతు, వంచిన మెడ. అటువాళ్ళ దగ్గరా ఇటువాళ్ళ దగ్గరా ఒకటే మాట చెప్పాడు.

"మీకు పొరుగుతో గొడవ రాకుండా చూసుకునేవాడు ఒకడుండాలి. నేను ఏ పక్షమూ కాదు. మీ గడ్డి నాకొద్దు, మీ ఎలుకలు నాకొద్దు. గోడ చివర పడమటి బురుజులో ఓ మూల పడి ఉంటాను. తగువొస్తే పిలవండి."

ఏమీ వద్దనేవాణ్ణి ఎవరు కాదంటారు? ఉండమన్నారు.

ఆ తర్వాత గోడ మాట్లాడడం మొదలుపెట్టింది. మంత్రం చెడిపోయినా గోడకి కొంత పట్టింది. దానికి నోరు ఆనించి ఇటు మాట్లాడితే, గోడ పొడుగునా అటు వినబడేది. అంతవరకు అందరికీ తెలుసు. తెలియని సంగతి ఇంకోటి ఉంది, అది చెప్పాల్సిన చోట చెబుతాను. అంగడివీధి వాళ్ళకి సింగన్న గొంతు వినబడేది: "రేపు రెండు పూటలా తొట్టి మాదే. వచ్చినవాళ్ళ పీకలు కొరుకుతాం." కోటవాళ్ళకి నారప్ప గొంతు వినబడేది: "మా ఎంగిలి నీళ్ళు తాగి బతికే కుక్కలు మీరు." మర్నాడు తొట్టి దగ్గర రెండు గుంపులూ పళ్ళతో, కొమ్ములతో ఎదురుపడేవి. ప్రతిసారీ ఇద్దరో ముగ్గురో చచ్చేవాళ్ళు.

శాంతయ్య వచ్చి కళ్ళొత్తుకునేవాడు. "మీ చేతులతో మీ వాళ్ళని మోసుకెళ్ళడం మీకు కష్టం. నాకు వదిలేయండి. పడమటి గుమ్మం అవతల వేపచెట్ల కింద గుంట తీసి గౌరవంగా పాతిపెడతాను" అనేవాడు. గంగులు అనే గాడిద ఒక విరిగిన బండి మీద శవాల్ని గుమ్మందాకా లాక్కెళ్ళేవాడు. అక్కడి నుంచి శాంతయ్యే చూసుకునేవాడు. నాలుగేళ్ళు ఇలాగే జరిగింది. నాలుగేళ్ళూ రెండు పక్షాలవాళ్ళూ ఆ నక్కకి దణ్ణం పెట్టారు.

అంగడివీధిలో చుక్కమ్మ అని ఒక గేదె ఉండేది. నుదుటి మీద తెల్లటి చుక్క. తన కట్టుతాడు తెంపుకోవడమే కాక, పక్క కొట్టంలో మరో రెండు గేదెల తాళ్ళు నమిలి తెంపిన గట్టిమనిషి. ఆమెకి చాలా ఏళ్ళకి ఒక దూడ పుట్టింది. ఆరు నెలల పిల్ల. ఒకరోజు పొద్దున తొట్టి దగ్గర పోట్లాట మొదలైనప్పుడు ఆ దూడ నీళ్ళలో మూతి పెట్టి ఉంది. తల ఎత్తేలోపు అయిపోయింది. ఎవరి కాళ్ళ కింద పడిందో, ఎవరి పళ్ళు తగిలాయో ఎవరూ చూడలేదు.

గంగులు బండి వచ్చింది. శాంతయ్య వచ్చాడు. "తల్లీ, నీ బిడ్డని నా బిడ్డలా చూసుకుంటాను" అన్నాడు.

నాలుగు రోజులు ఆమె మేత ముట్టలేదు. పాలు పొదుగులోనే గడ్డకట్టి నొప్పెట్టాయి. తోటి గేదెలు వచ్చి, "మరో దూడ పుడుతుందిలే అక్కా" అంటే వాళ్ళవైపు చూసిన చూపుకి వాళ్ళు మళ్ళీ రాలేదు. అయిదో రోజు మిట్టమధ్యాహ్నం లేచి, ఎవరికీ చెప్పకుండా గోడ సందు దాటి కోటలోకి వెళ్ళింది. సింగన్నని పొడిచి చంపుదామనే వెళ్ళింది. ఆ తర్వాత కుక్కలు తనని చీల్చేసినా ఫర్వాలేదనుకుంది.

ఎండకి కుక్కలన్నీ ఎక్కడెక్కడో పడుకున్నాయి. సింగన్న ఒక్కడే గుమ్మం ముందు రాతిపలక మీద ఉన్నాడు. చుక్కమ్మ తల దించి, కొమ్ములు సరిచేసుకుంది. అతను లేవలేదు.

"పొడిస్తే తొందరగా పొడువు. మావాళ్ళు లేస్తే నీ పని కష్టమవుతుంది" అన్నాడు.

"భయం లేదా నీకు?"

"మొన్న పోట్లాటలో నా పెళ్ళాం పోయింది. ఇంకా దేనికి భయపడను? ఒక్కటి మాత్రం చెప్పి పొడువు. అది చచ్చిన సాయంత్రం మీ నారప్ప గోడలోంచి నవ్వాడు. 'ఒకటి తగ్గింది' అన్నాడు. నిన్న కూడా అన్నాడు. చంపితే చంపాడు. నవ్వడం ఎందుకు?"

చుక్కమ్మ తల ఎత్తింది.

"నిన్న ఎవరు అన్నారన్నావు?"

"నారప్ప. వాడి గొంతు నాకు తెలియదా?"

"నారప్ప గొంతులో పల్లేరుకాయ ఇరుక్కుని పదిరోజులైంది. 'మే' అనడానికి కూడా ఊపిరాడటం లేదు. మొన్న పోట్లాటకి కూడా నోరు మూసుకునే వచ్చాడు."

సింగన్న లేచి కూర్చున్నాడు. "అబద్ధం."

"నా దూడ చచ్చింది. నీకు అబద్ధం చెప్పడానికి ఇంత ఎండలో వచ్చానా?"

ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. కానీ ఇద్దరికీ చావంటే లెక్కలేకుండా పోయింది కాబట్టి తొందరా లేదు. చివరికి చుక్కమ్మ, "నువ్వు ఇక్కడే ఉండు. నేను అటు వెళ్ళి గోడలో మాట్లాడతాను. ఏం వినబడిందో వచ్చి చెప్పు" అంది.

సందులోంచి అవతలికి వెళ్ళి గోడకి మూతి ఆనించింది. ఏం చెప్పాలో తోచలేదు. నాలుగు రోజులుగా లోపల తిరుగుతున్న మాటే బయటికొచ్చింది. "మా దూడ పాలు తాగేటప్పుడు తోక ఆడించేది. కడుపు నిండినా వదిలేది కాదు."

సింగన్న మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని సందులోంచి దూసుకొచ్చాడు. "ఎక్కడ వాడు? ఎక్కడ దాచావు?"

"ఎవర్ని?"

"నారప్పని. వాడే మాట్లాడాడు. 'మా దూడ పాలు తాగేటప్పుడు తోక..'" అంటూ అక్కడితో ఆగిపోయాడు. పొట్టేలుకి పాలు తాగే దూడ ఎక్కణ్ణించి వస్తుంది? గోడవైపు చూశాడు, చుక్కమ్మవైపు చూశాడు. వెంట్రుకలు మెల్లగా పడిపోయాయి.

"నువ్వే అన్నావా?"

"నేనే అన్నాను."

అతను గొంతు తగ్గించి, "తోక ఆడించేదా?" అన్నాడు.

ఎవరో గోడలో మాట్లాడుతున్నారు, గోడ గొంతు మార్చేస్తోంది. అంతవరకు తేలింది. ఎవరన్నది తేలాలి. ఈ చావుల వల్ల ఎవరికి లాభం? ముందు అడిగింది సింగన్నే. "మీ చచ్చినవాళ్ళని ఎక్కడ పాతిపెడతారు?"

"శాంతయ్య చూసుకుంటాడు. వేపచెట్ల కింద."

"మావాళ్ళనీ ఆయనే. వేపచెట్లు నువ్వెప్పుడైనా చూశావా?"

చూడలేదు. అతనూ చూడలేదు. నాలుగేళ్ళలో ఒక్కరూ వెళ్ళి చూడలేదు.

చుక్కమ్మ అక్కణ్ణించి తిన్నగా గాడిద గంగులు ఉండే కొట్టానికి వెళ్ళింది. గంగులు ముందు పచ్చగడ్డి కట్ట ఉంది. ఆ పట్నంలో పచ్చగడ్డి ఎవరికీ దొరకదు. ఆమె దాన్ని చూసి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"గంగులూ, వేపచెట్లు ఎన్నున్నాయి అక్కడ?"

గంగులు నమలడం ఆపేశాడు. "ఎక్కడ?"

"పడమటి గుమ్మం అవతల. మా పిల్లని పాతిపెట్టిన చోట."

"నేను గుమ్మందాకానే వెళ్తాను చుక్కమ్మా. బండి అక్కడ వదిలి వెనక్కి రమ్మంటారు."

"నీ చెవులు నీ తలకంటే పెద్దవి. గుమ్మం ఇవతల నుంచి నీకేం వినబడుతుంది?"

అతను నేల చూశాడు. "ఎముకలు" అన్నాడు. "ఎముకలు కొరుకుతున్న చప్పుడు. శాంతయ్యా, ఆయన బావమరుదులూ. వేపచెట్లేమీ లేవు."

"ఎన్నాళ్ళుగా తెలుసు?"

"మొదటి నుంచీ."

"ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవరూ అడగలేదు" అన్నాడు గంగులు. "నేను ఏ గుంపూ కాదు. లాగమన్నది లాగుతాను. గడ్డి పెడతారు."

చుక్కమ్మ ఆ గడ్డికట్టని గిట్టతో మట్టిలోకి తొక్కింది. గంగుల్ని పొడవలేదు. పొడిచినా ఆ కోపం తీరేది కాదు. "నేను అడిగానని వాడికి చెప్పావంటే, ఆ బండి ఈసారి నీకోసం వస్తుంది" అని చెప్పి బయటికి నడిచింది.

సాయంత్రం ఆమె గుంపు దగ్గరికి చేరేసరికి గోడ మళ్ళీ మాట్లాడింది. "అంగడి గొర్రెల్లారా, ఎల్లుండి నుంచి తొట్టి మాది. చావడానికి సిద్ధపడి రండి." గుంపంతా లేచి నిలబడింది. "సింగన్న, వాడి నోరు పడిపోను" అని పళ్ళు కొరికారు. చుక్కమ్మ మాత్రం ఉన్నచోటే కొయ్యబారిపోయింది. ఆమెకి వినబడింది సింగన్న గొంతు కాదు. సన్నగా, మెత్తగా, మెడ వంచుకుని మాట్లాడినట్టుండే శాంతయ్య గొంతు.

ఇందాక చెబుతానన్న సంగతి ఇదే. పగవాడి మాట వినబడాలని రాజు కోరాడు. గోడ ఆ ఒక్క పని మాత్రం మానకుండా చేస్తూ వచ్చింది. మాట ఎవరిదైనా సరే, వినేవాడికి ఎవరి మీద ఎక్కువ కోపముందో వాళ్ళ గొంతుతోనే వినిపించింది. నిన్నటిదాకా చుక్కమ్మకీ సింగన్న గొంతే వినబడింది. ఇవాళ ఆమె కోపం చేరాల్సిన చోటికి చేరింది.

ఆమె నారప్ప ముందుకెళ్ళి నిలబడింది.

"పెద్దాయనా, పదిరోజుల్లో నువ్వు గోడలో ఒక్క మాటైనా అన్నావా?"

నారప్ప విసుగ్గా తల అడ్డంగా ఊపి, కాలితో గొంతు చూపించాడు.

"కోటలో మాత్రం రోజూ నీ గొంతు వినబడుతోందట. సింగన్న పెళ్ళాం చచ్చిందని నువ్వు నవ్వావట."

నారప్ప కళ్ళు ఎర్రబడ్డాయి. మాట రాదు. కోపం పట్టలేక పక్కనున్న పందిరి రాటని ఒక్క గుద్దు గుద్దాడు. చుక్కమ్మ చెప్పడం మొదలుపెట్టింది. పల్లేరుకాయ సంగతి, గోడలో తను అన్న మాట సంగతి, గంగులు విన్న ఎముకల చప్పుడు. చెబుతున్నంతసేపూ ఒక్కరూ కదల్లేదు. తమ పిల్లల్ని బండి మీదికి ఎత్తించిన తల్లులు అక్కడ చాలామంది ఉన్నారు.

"అయితే పద, బురుజు మీద పడదాం" అన్నాడొక కోడెదూడ.

"పడితే వాడు పారిపోతాడు. కోటవాళ్ళ దగ్గరికెళ్ళి, అంగడివాళ్ళు నన్ను చంపబోయారని ఏడుస్తాడు. కుక్కలు నమ్ముతాయి. మనమైనా నమ్మేవాళ్ళమే. వాడి నోటితో వాడు చెప్పాలి. రెండు గుంపులూ ఒకేచోట ఉండి వినాలి."

"ఎలా చెబుతాడు?"

"శవాల ముందు ఎవరూ అబద్ధమాడరు. అవసరం ఉండదు కాబట్టి."

ఎల్లుండి మధ్యాహ్నం తొట్టి దగ్గర ఉత్తుత్తి పోట్లాట. అరుపులు, దుమ్ము. ఆ తర్వాత అందరూ చచ్చినట్టు పడుకోవాలి. ఇదీ ఆమె చెప్పిన ఉపాయం. పోలి అనే ముసలి మేక ముందుకొచ్చింది. ఆమె ఇద్దరు పిల్లలు కుక్కల చేతిలో పోయారు.

"కుక్క పక్కన మెడ చాచుకుని కళ్ళు మూసుకోమంటున్నావు. నిజంగానే కొరికేస్తేనో?"

"అదే మాట అక్కడ వాళ్ళూ అడుగుతారు, వీళ్ళు నిజంగానే పొడిచేస్తేనో అని. నేను సింగన్న పక్కనే పడుకుంటాను. ముందు నా మెడ పోయాకే నీ మెడ."

"నీకు కోపం లేదా వాళ్ళమీద?"

"ఉంది. నాకు ఎవరిమీద కోపం లేదో అడుగు, చెప్పడం తేలిక."

ఆ రాత్రే చుక్కమ్మ సందు దాటి వెళ్ళి, గంగులు చెప్పిందీ తన ఉపాయమూ సింగన్నకి చెప్పొచ్చింది. కోటలో సింగన్నకీ అంత తేలిగ్గా జరగలేదు. ఇద్దరు కుర్రకుక్కలు అతన్ని పిరికివాడన్నారు. అతను వాళ్ళని గోడ దగ్గర నిలబెట్టి, తను అవతల నుంచి గోడలో వాళ్ళమ్మ పేరు చెప్పాడు. నారప్ప గొంతుతో తమ తల్లి పేరు వినగానే వాళ్ళు తోకలు దించేశారు.

అనుకున్న రోజు మధ్యాహ్నం ఏనుగుల సాలలో దుమ్ము రేగింది. అరుపులు, మొరుగుళ్ళు, కొమ్ముల చప్పుడు. మొదట్లో ఉత్తుత్తిగానే మొదలైనా కొన్నిచోట్ల నిజం అయ్యేలా ఉంటే సింగన్న ఒకణ్ణి చెవి పట్టి లాగాడు, నారప్ప ఒకణ్ణి పక్కకి నెట్టాడు. తర్వాత ఒక్కొక్కరే కూలబడ్డారు. కుక్క మీద మేక కాలు, గొర్రె పొట్ట మీద కుక్క తల. నాలుగేళ్ళలో అంత దగ్గరగా పడుకోవడం అదే మొదటిసారి. ఒకరి గుండె చప్పుడు ఒకరికి వినబడుతోంది. సాలంతా సద్దుమణిగింది. ఈగలు వచ్చి వాలాయి.

శాంతయ్య వచ్చాడు. వెనకాల ఇద్దరు బావమరుదులు. ఈసారి కళ్ళొత్తుకోలేదు. చూసేవాళ్ళు ఎవరూ లేరుగా.

"అబ్బ, ఎంత మేత" అన్నాడు పెద్ద బావమరిది.

"ముసలివాటిని వదిలేయండి. లేతవి ముందు చూడండి" అన్నాడు శాంతయ్య. నారప్ప చెవి పట్టి లాగి చూశాడు. "వీడు గట్టివాడు. వీడి తల వల్లే మనకి నాలుగేళ్ళు గడిచింది. పాపం, ఒక్కరోజు కూడా ఆలోచించలేదు."

చిన్న బావమరిది మాత్రం దిగులుగా ఉన్నాడు. "అన్నీ ఒకేసారి చస్తే ఎలా బావా? ఇకమీదట మనకి ఎవరు చస్తారు?"

"పిచ్చివాడా, రెండు వైపులా పిల్లలు మిగిలాయి. అవి పెరుగుతాయి. వాటితోపాటు పగా పెరుగుతుంది. దానికి నేను పెట్టే మేత రెండే మాటలు. ఇటు తిరిగి గోడలో 'తొట్టి మాది' అంటాను. అటు తిరిగి 'తొట్టి మాది' అంటాను. మిగతాదంతా వీళ్ళే చూసుకుంటారు. నీళ్ళు సరిపోతాయన్న సంగతి ఒక్కడికి గుర్తొచ్చినా మన పొట్ట మాడేది."

పడుకున్నవాళ్ళలో ఒకరిద్దరు వణికారు. చుక్కమ్మ కదల్లేదు. తను లేచేదాకా ఎవరూ లేవకూడదని ఆమే చెప్పింది. వాడు ఇంకా చెప్పనీ అనుకుంది. అందరూ పూర్తిగా విననీ. శాంతయ్య నడుచుకుంటూ ఆమె దగ్గరికి వచ్చి, ముఖం మీదికి వంగాడు.

"ఇదుగో దూడ తల్లి. దీని పిల్ల గుర్తుందా? నాలుగు రోజులు తిన్నాం. పాలు తాగిన మాంసం ఎంత మెత్తగా ఉంటుందో."

చుక్కమ్మ కళ్ళు తెరిచింది.

ఆమె లేచిన చప్పుడుకి సాలంతా లేచింది. శాంతయ్య వెనక్కి గెంతాడు. ఎటు చూసినా కొమ్ములు, పళ్ళు. బావమరుదులు అప్పుడే గోడ సందులోంచి జారుకున్నారు, వాళ్ళు మళ్ళీ ఎవరికీ కనబడలేదు. చుట్టూ అందర్నీ ఒకసారి చూసి, నక్క మెడ వంచాడు. గొంతు మెత్తబరిచాడు.

"బిడ్డల్లారా, మిమ్మల్ని కలపాలనే ఇదంతా. చూడండి, ఎలా కలిశారో. నేను లేకపోతే.."

సింగన్న గుర్రుమన్నాడు. నక్క ఆ క్షణంలోనే నారప్ప కాళ్ళ సందులోంచి దూరి, కూలిన గోడ అంచు చుట్టి అవతలికి పరిగెత్తాడు. పారిపోవడానికి కాదు. వాడికి ఇంకా తన విద్య మీద నమ్మకం ఉంది. కనబడకుండా గోడ చాటున నక్కి, రాయికి మూతి ఆనించి గట్టిగా అన్నాడు. "నేను సింగన్నని. గొర్రెల్ని నమ్మించి తెచ్చాను. నా కుక్కల్లారా, ఇప్పుడే, పీకలు పట్టండి." వెంటనే ఇంకో మాట. "నేను నారప్పని. కుక్కలు మన వల్లో పడ్డాయి. కుమ్మండి."

చెప్పి, చెవి రిక్కించాడు. ఇప్పుడు అరుపులు మొదలవ్వాలి. మొదలవ్వలేదు. ఇంకాసేపు చూశాడు. ఆవలి వైపు ఏమీ లేదు, ఊట పడుతున్న చప్పుడు తప్ప. ఏం జరిగిందో అర్థంకాక గోడ అంచు నుంచి మెల్లగా తల బయటపెట్టాడు.

రెండు గుంపులూ ఒకేవైపు తిరిగి తననే చూస్తున్నాయి. గోడలోంచి వాళ్ళందరికీ వినబడింది ఒకటే గొంతు. 'నేను సింగన్నని' అన్నదీ శాంతయ్య గొంతే, 'నేను నారప్పని' అన్నదీ శాంతయ్య గొంతే. ఆ రోజు ఆ సాలలో కోపం ఒక్కడి మీదే ఉంది.

వాణ్ణి పట్టడానికి కుక్కలు చాలు. చంపేద్దామని అందరూ మీద పడుతుంటే చుక్కమ్మ, "నా వంతు ముందు" అంది. దారి ఇచ్చారు. ఒక్కటే కుమ్ము. తుంటి ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. రెండోసారి కొమ్ము ఎత్తి, దించేసింది. దయతో కాదు. వాణ్ణి చంపితే ఇక్కడివాళ్ళంతా ఇంతటితో లెక్క సరిపోయిందనుకుంటారని ఆమెకి తోచింది. వాణ్ణి పడమటి గుమ్మం బయటికి ఈడ్చి పడేశారు.

వెనక్కి వచ్చేసరికి సాలలో సంబరం మొదలైంది. కుక్కలు గెంతుతున్నాయి, మేకలు గంతులేస్తున్నాయి. "వదిలింది పీడ" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. పోలి వచ్చి, "నీ దూడని చంపినవాడికి తగిన శాస్తి జరిగింది చుక్కమ్మా" అంది.

"వాడు చంపలేదు" అంది చుక్కమ్మ.

పోలి తెల్లబోయింది. దగ్గరున్నవాళ్ళు గెంతడం ఆపారు.

"వాడు తిన్నాడు. చంపింది మనం. వాడు నాలుగేళ్ళలో ఒక్కర్నీ కరవలేదు, ఒక్కర్నీ పొడవలేదు. గోడలో మాట అన్నాడు, అంతే. నా పిల్లని తొక్కిన కాళ్ళు ఈ సాలలోనే ఉన్నాయి. నీ పిల్లల్ని కొరికిన పళ్ళు ఇక్కడే ఉన్నాయి. సింగన్న పెళ్ళాం పొట్టలో దిగిన కొమ్ము మనలో ఎవరిదో. నాదే కావచ్చు. ఆ రోజు నేనూ గుడ్డిగా కుమ్మాను. సందు దాటి నలభై అడుగులు వేసి, 'ఈ మాట నువ్వన్నావా' అని అడగడానికి మనలో ఒక్కరికి నాలుగేళ్ళు పట్టింది. అదీ చంపడానికి వెళ్ళి అడిగాను. గెంతండి, గెంతేవాళ్ళు గెంతండి."

ఎవరూ గెంతలేదు. సింగన్న తల వేలాడేశాడు. నారప్ప ఏదో అనబోయాడు, గొంతు పెగల్లేదు. దగ్గి దగ్గి చివరికి ఆ పల్లేరుకాయని రక్తంతో సహా కక్కేశాడు. పన్నెండు రోజులకి మాట వచ్చింది. అందరూ అతనివైపు చూశారు. అతను మాత్రం ఏమీ మాట్లాడకుండా వెళ్ళి గోడని తలతో గుద్దడం మొదలుపెట్టాడు.

వారం రోజులు పట్టింది. కుక్కలు పునాది తవ్వాయి, పొట్టేళ్ళు గుద్దాయి, గేదెలు భుజం పెట్టి తోశాయి. గంగులు వచ్చి, "నన్ను క్షమించు చుక్కమ్మా" అన్నాడు. "క్షమించను. బండి తెచ్చి ఈ రాళ్ళు మోయి" అంది. మోశాడు. గడ్డి మాత్రం అందరితోపాటు ఎండుగడ్డే తిన్నాడు.

తొట్టి దగ్గర పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు తాగుతున్నారు. స్నేహాలు కుదిరాయని చెప్పను. పోలి ఇప్పటికీ కుక్క ఎదురైతే పక్కకి తప్పుకుంటుంది. సింగన్న ఇప్పటికీ కొమ్ములున్నవాళ్ళకి వీపు చూపించడు. కానీ ఏదైనా మాట చెవిన పడితే, ఆ అన్నవాడి దగ్గరికే వెళ్ళి ముఖంలోకి చూసి అడుగుతున్నారు. చాలాసార్లు అది అతను అనలేదని తేలుతోంది. కొన్నిసార్లు అన్నాడనే తేలుతోంది. అప్పుడు ఎదురెదురుగా నిలబడి అరుచుకుంటున్నారు. అయినా ఆ ఏడాదంతా ఒక్క శవమూ లేవలేదు.

శాంతయ్య మూడు కాళ్ళ మీద అడవి అడవీ తిరుగుతున్నాడు. తగువులు తీరుస్తానని చెప్పుకుంటున్నాడు. కానీ ఈ కథ వాడికంటే ముందే చేరిపోవడంతో, ఎక్కడికెళ్ళినా జంతువులు ముందు వాడి పొట్టవైపు చూసి, నీ పాత ఊళ్ళో చచ్చినవాళ్ళని ఎక్కడ పాతిపెట్టావు అని అడుగుతున్నాయి. వాడు కుంటుకుంటూ ముందుకి పోతున్నాడు.

అన్నవాడి ముఖం చూడకుండా విన్న మాటకి కత్తి దూసేవాడు, తన కోపాన్ని తీసుకెళ్ళి ఎవడి ఆకలికో అన్నంగా వడ్డిస్తాడు.